పరిమళాన్ని మార్చే సూక్ష్మజీవులు

విశాఖ మన్యానికి నర్సీపట్నం ద్వారం వంటిది. చింతపల్లి, లంబసింగి కొండల నుంచి దిగివచ్చే బాట ఈ ఊరి మీదుగానే తుని వైపునకు, అనకాపల్లి వైపునకు పోతుంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల విభజనతో నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి చేరాయి. అయినా సరుకు నడిచే దారి మాత్రం మారలేదు. కాఫీ తోటల్లో నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగల నుంచి కోసిన మిరియాలు, గిరిజనులు పండించి ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు ఈ దారిన మైదానానికి దిగుతాయి. ఆ బస్తాల పక్కగా నడిచిపోయే వానికి సరుకు కంటబడక ముందే వాసన తెలుస్తుంది.

ఈ వాసన ఏమిటి? ఒక వాసనను మరొక వాసనగా మార్చటం సాధ్యమా? సాధ్యమైతే ఆ పనిని మండే కొలిమికీ, ఘాటైన ఆమ్లాలకూ కాక, మట్టిలో ఉండే బాక్టీరియాకు అప్పగించవచ్చునా? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకిన చరిత్ర సుమారు నూరేళ్ళ పైబడినది. అందులో మన దేశపు ప్రయోగశాలలకు గౌరవప్రదమైన స్థానం ఉన్నది.

టెర్పీనులు అంటే ఏమిటి?

పైన్ చెట్టు బోదెకు గాటు పెడితే జిగురు కారుతుంది. ఆ జిగురును బట్టీ పెడితే టర్పెంటైన్ వస్తుంది. మన అంగళ్ళలో దీనిని కర్పూరతైలమని కూడా అంటారు. ఈ టర్పెంటైన్ పేరు మీదనే టెర్పీన్ అన్న మాట పుట్టింది. టెర్పీన్‌లో ఉండేవి కర్బనం, ఉదజని, అంటే హైడ్రోజన్, ఈ రెండు మూలకాలే. సామాన్యమైన టెర్పీన్ అణువులో 10 కర్బన పరమాణువులు, 16 ఉదజని పరమాణువులు ఉంటాయి. టర్పెంటైన్‌లోని పైనీన్‌కూ, నారింజ తొక్కలోని లిమొనీన్‌కూ లెక్క ఒక్కటే. పరమాణువుల అమరికలో తప్ప వాటిలో వేరే భేదం లేదు. ఒకే ఇటుకలతో ఒకరు పెంకుటిల్లు, మరొకరు మేడ కట్టినట్లన్నమాట.

ఈ గందరగోళాన్ని చక్కదిద్దినవాడు జర్మనీ దేశపు ఒట్టో వాలక్. గ్యోటింగెన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఈయనకు 1910లో నోబెల్ బహుమతి లభించింది. టెర్పీనులన్నీ ఐసొప్రీన్ అనే ఐదు కర్బనాల తునక రెండు, మూడు, నాలుగేసిగా అతుక్కుని ఏర్పడినవేనన్న సూత్రాన్ని తరువాత లెయొపోల్డ్ రుజీచ్కా విస్తరించి స్థిరపరచాడు. ఆయనకు 1939లో అదే బహుమతి దక్కింది.

మిరియాల వాసనలో పైనీన్, సాబినీన్, లిమొనీన్, కారియోఫిలీన్ అనే టెర్పీనులు ఉన్నాయి. మిరియపు కారం మాత్రం వీటిది కాదు. అది పైపెరిన్ అనే వేరొక పదార్థానిది. పసుపు వాసనకు ముఖ్య కారణం టెర్పీన్ కుటుంబానికి చెందిన టర్మెరోనులు. దాని రంగు కుర్కుమిన్ వలన వచ్చింది. నారింజ తొక్క నుంచి తీసిన తైలంలో నూటికి 90 వంతులకు పైగా లిమొనీనే. నారింజ తొక్కను మడిచి వెలుగుతున్న క్రొవ్వొత్తి దగ్గర పిండితే చిటపటమని నిప్పురవ్వలు లేస్తాయి. తొక్కలోని సన్నని తిత్తుల నుంచి చిమ్మిన లిమొనీన్ మండటమే దానికి కారణం. ఉపాధ్యాయులు తరగతిలో తామే జాగ్రత్తగా చేసి చూపదగిన ప్రయోగమిది.

ఒక్క పరమాణువు చేసే మార్పు

టెర్పీన్ మీద ఒక్క ఆమ్లజని, అంటే ఆక్సిజన్, పరమాణువును తగిలిస్తే వాసన పూర్తిగా మారిపోతుంది. లిమొనీన్‌కు ఒకచోట ఆమ్లజని చేరితే కార్వియాల్, దాని నుంచి కార్వోన్ వస్తాయి. పుదీనా పచ్చడి నూరేటప్పుడు వచ్చే వాసన ముఖ్యంగా ఈ కార్వోన్‌దే. అదే అణువుకు కుడి ఎడమలు తారుమారై, అద్దంలో ప్రతిబింబం వలె ఉండే మరొక కార్వోన్ ఉన్నది. అది సోయికూర గింజల వాసన ఇస్తుంది. లిమొనీన్‌కే వేరొకచోట ఆమ్లజని చేరితే కార్వోన్‌కు బదులు పెరిల్లిల్ ఆల్కహాల్ వస్తుంది. కాబట్టి ఆమ్లజనిని తగిలించటం ఒక పని, సరియైన చోట తగిలించటం మరొక పని.

రసాయన శాస్త్రజ్ఞుడు ఈ పనిని చేయగలడు. నైట్రొసిల్ క్లోరైడ్ అనే ఘాటైన వాయువు సహాయంతో లిమొనీన్‌ను కార్వోన్‌గా మార్చే పద్ధతి పరిశ్రమలో ఎప్పుడో స్థిరపడింది. బాక్టీరియా ఈ మార్పులను గోరువెచ్చని నీటిలో, గాలిలోని ఆమ్లజనిని తీసుకుని చేస్తుంది. దానికి సాధనాలు ఎన్‌జైములు. ఒక్కొక్క ఎన్‌జైము అణువును ఒకే తీరున పట్టుకుంటుంది కనుక ఆమ్లజని ఎక్కడబడితే అక్కడ తగులుకోదు.

మన దేశంలో టెర్పీనుల అధ్యయనం

నర్సీపట్నం మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న రోజుల్లో, 1910లో, జాన్ లయొనెల్ సైమన్సన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యుడుగా చేరాడు. 1914లో భారత విజ్ఞాన కాంగ్రెసు మొదటిసారి సమావేశం కావటానికి కారకులైన ఇద్దరిలో ఈయన ఒకడు, రెండవవాడు మెక్‌మాన్. సైమన్సన్ 1919లో డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయానికి వెళ్ళాడు. హిమాలయ సానువుల్లో పెరిగే చీర్ పైన్ టర్పెంటైన్‌ను పరీక్షించి, అందులో కారీన్ అనే కొత్త టెర్పీన్ ఉన్నట్లు 1920లో ప్రకటించాడు. 1925 నుంచి 1928 వరకు బెంగుళూరు భారత విజ్ఞాన సంస్థలో ఆచార్యుడుగా ఉన్నాడు. తరువాత ఆయన రచించిన టెర్పీనుల గ్రంథ సంపుటాలు చాలాకాలం ప్రామాణికంగా నిలిచాయి.

తెలుగు దేశంలో ఇట్టి పరిశోధనకు పాదు వేసినది వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. టి. ఆర్. శేషాద్రి 1933 నుంచి 1949 వరకు అక్కడ రసాయనశాస్త్ర శాఖను పెంచి పోషించాడు. ఆయన తరువాతి తరంలో ఎల్. రామచంద్ర రావు, ఆయన శిష్యులు 1960 దశకంలో తెల్లమద్ది మొదలైన చెట్ల నుంచి 30 కర్బనాలుండే ట్రైటెర్పీనులను వేరుచేసి వాటి నిర్మాణాన్ని తేల్చారు. ఈ పని అంతా మొక్కలో ఏమున్నదో తెలుసుకునేది. మొక్క తయారుచేసిన దానిని ఎవరు తింటారన్నది వేరొక ప్రశ్న.

మట్టిని అడిగిన ప్రశ్న

అడవిలో ఏటేటా ఆకు రాలుతుంది, జిగురు కారుతుంది, కాయ కుళ్ళుతుంది. వాటిలోని టెర్పీనులు పేరుకుపోతే నేల వాసనతైలంతో నిండిపోవలసినది. అట్లా జరగటం లేదు. కొంత ఆవిరై గాలిలో కలుస్తుంది. మిగిలిన దానిని తినే జీవులు మట్టిలో ఉండి తీరాలి.

వాటిని పట్టుకునే ఉపాయం రష్యా దేశపు వినోగ్రాడ్‌స్కీ, హాలండు దేశపు బైయరింక్ 19వ శతాబ్దం చివర కనిపెట్టినది. కొన్ని లవణాలు కలిపిన నీటిలో కర్బనం ఇచ్చే ఆహారాన్ని ఒక్కదానినే ఉంచి, చిటికెడు మట్టి వేస్తారు. ఆ ఆహారం లిమొనీన్ అనుకోండి. దానిని తినలేని బాక్టీరియా అక్కడే ఆగిపోతాయి. తినగలిగినవి లక్షలుగా పెరుగుతాయి. అందులో నుంచి ఒక చుక్క తీసి మళ్ళీ కొత్త లిమొనీన్ నీటిలో వేస్తారు. ఇట్లా నాలుగైదు మార్లు చేస్తే, మట్టిలోని అసంఖ్యాక జీవుల్లో నుంచి కావలసినది తానై బయటపడుతుంది. లక్షమంది విద్యార్థులకు ఒకే కఠినమైన ప్రశ్న ఇచ్చి జవాబు వ్రాసినవారిని ఏరుకోవటం వంటిది ఈ పద్ధతి.

1959లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో గన్సలస్ బృందం కర్పూరాన్ని తినే బాక్టీరియాను గురించి ప్రకటించింది. 1960లో సాయ్‌బర్ట్ సిట్రొనెల్లాల్ వంటి పరిమళ ద్రవ్యాలను తిని పెరిగే సూడోమొనాస్ సిట్రొనెల్లోలిస్ అనే కొత్త జాతిని వర్ణించాడు. సరిగా ఆ ఏడాదే మన దేశం నుంచి కూడా ఒక వార్త వెలువడింది.

పూనా నుంచి బెంగుళూరు దాకా

పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పి. కె. భట్టాచార్య, బి. ఆర్. ప్రేమ, బి. డి. కులకర్ణి, ఎస్. కె. ప్రధాన్ చేసిన పరిశోధన 1960లో లండన్ నుంచి వెలువడే 'నేచర్' పత్రికలో అచ్చయింది. వారు ఎంచుకున్న సూక్ష్మజీవి బాక్టీరియా కాదు, ఆస్పర్‌గిల్లస్ నైజర్ అనే నల్లబూజు. దానికి టర్పెంటైన్‌లోని ఆల్ఫా పైనీన్ ఇచ్చారు. బూజు దానికి ఆమ్లజనిని తగిలించి వెర్బినాల్, వెర్బినోన్, సోబ్రెరాల్ అనే మూడు పదార్థాలు చేసింది. వెర్బినోన్ రోజ్‌మేరీ మొక్కలో కనబడే సుగంధ ద్రవ్యం. చవకైన టర్పెంటైన్ నుంచి అంతకంటే విలువైన పరిమళం సూక్ష్మజీవి చేతి మీదుగా రాగలదని దీనితో తేలింది.

భట్టాచార్య తరువాత బెంగుళూరు భారత విజ్ఞాన సంస్థ జీవరసాయన శాఖకు వచ్చి పనిని బాక్టీరియా వైపు మళ్ళించాడు. 1966లో ధావలీకర్‌తో కలిసి, మట్టి నుంచి వేరుచేసిన ఒక సూడోమొనాస్ బాక్టీరియా లిమొనీన్‌ను ఏయే మెట్ల మీదుగా తింటుందో వివరించాడు. ఆ నీటిలో కార్వియాల్, కార్వోన్, పెరిల్లిక్ ఆమ్లం మొదలైనవి ఎన్నో దొరికాయి. బాక్టీరియా లిమొనీన్‌ను ఒకే దారిన కాక పలుదారుల్లో పట్టుకుంటున్నదనీ, అందులో రాజమార్గం పెరిల్లిక్ ఆమ్లం మీదుగా పోయేదనీ వారు తేల్చారు. 1968లో శుక్లాతో కలిసి పైనీనులు విచ్ఛిన్నమయ్యే మార్గాన్ని పరిశీలించాడు. 1977లో మధ్యస్థ, భట్టాచార్య, వైద్యనాథన్ లినలూల్‌ను తినే మట్టి బాక్టీరియాను గురించి వ్రాశారు. మన ధనియాల వాసనకు మూలం ఈ లినలూలే.

ఈ ఫలితాల వెనుక ఉన్న శ్రమను గుర్తించాలి. బాక్టీరియా పెరిగిన నీటిలో మధ్యపదార్థాలు చాలా స్వల్పంగా ఉంటాయి. వాటిని ద్రావకంతో పీల్చి, క్రొమటోగ్రఫీతో ఒక్కొక్కటిగా విడదీసి, ప్రతిదాని రూపాన్ని నిర్ణయించాలి. తరువాత ప్రతి పదార్థాన్నీ తిరిగి బాక్టీరియాకే ఆహారంగా ఇచ్చి, అది దానిని తింటుందో లేదో చూడాలి. తింటే అది దారిలో మెట్టు, తినకపోతే పక్కసందు కావచ్చు.

కర్పూరం చెప్పిన రహస్యం

దేవుని హారతికి వెలిగించే కర్పూరం కూడా టెర్పీన్ సంతతిదే. నేడు అంగళ్ళలో దొరికే కర్పూరంలో అధిక భాగం టర్పెంటైన్‌లోని పైనీన్ నుంచి తయారైనది. గన్సలస్ ఎంచుకున్న సూడోమొనాస్ పుటీడా కర్పూరపు అణువులో ఒక నిర్ణీతమైన చోటనే ఆమ్లజనిని తగిలిస్తుంది. ఆ పని చేసే ఎన్‌జైముకు పి-450 కామ్ అని పేరు. 1985లో ఎక్స్‌కిరణాల సహాయంతో దాని ఆకారం వెల్లడి అయింది. నడుమ ఒక ఇనుప పరమాణువు, దాని ప్రక్కన కర్పూరపు అణువు ఇమిడే గుంట. తాళానికి తాళంచెవి వలె కర్పూరం ఆ గుంటలో కూర్చుంటుంది. ఇనుముకు ఎదురైన చోటే ఆమ్లజని పడుతుంది. మన కాలేయంలో మందులను విరిచే ఎన్‌జైములు కూడా ఈ కుటుంబంలోనివే.

1965లో గన్సలస్ వద్దకు వెళ్ళిన బెంగాలీ యువకుడు ఆనందమోహన్ చక్రవర్తి. కర్పూరాన్ని తినే శక్తినిచ్చే జన్యువులు బాక్టీరియాలో ప్లాస్మిడ్ అనే చిన్న వలయం మీద ఉన్నాయనీ, అవి ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి మారగలవనీ ఆయనా, సహచరులూ 1973లో చూపారు. ఇట్టి వలయాలు కొన్నింటిని ఒకే బాక్టీరియాలో చేర్చి, ముడినూనెను తినే జీవిని చక్రవర్తి రూపొందించాడు. దానిపై పేటెంటు హక్కు ఉండవచ్చునని అమెరికా సర్వోన్నత న్యాయస్థానం 1980లో తీర్పు చెప్పింది. బ్రతికి ఉన్న జీవి ఒకరి సొత్తు కాగలదా అన్న వివాదానికి మూలం వెదుక్కుంటూ పోతే కర్పూరం దగ్గరకు వస్తామన్నమాట.

చిక్కు ఎక్కడ ఉన్నది?

మార్గం 1960 దశకంలోనే తెలిసినా పరిశ్రమ వెంటనే రాలేదు. దానికి కారణాలు మూడు. మొదటిది, బాక్టీరియా మనకోసం పని చేయటం లేదు. దానికి కావలసినది తిండి. కార్వోన్ దగ్గర ఆగక, చివరకు బొగ్గుపులుసు వాయువు, నీరు అయ్యేవరకు అది తినుకుంటూ పోతుంది. అనకాపల్లి ప్రాంతంలో బెల్లం వండేవారికి ఈ చిక్కు సులభంగా అర్థమవుతుంది. పాకం సరిగా వచ్చిన క్షణంలో పెనం దించాలి. కొంచెం ఆలస్యమైతే బెల్లం మాడిపోతుంది. బాక్టీరియా లోపలి పెనాన్ని దించటం ఎట్లా?

రెండవది, టెర్పీనులు నీటిలో కరగవు, త్వరగా ఆవిరవుతాయి. మూడవది, అవి బాక్టీరియాకు ఆహారమే కాదు, విషం కూడా. బాక్టీరియా చుట్టూ ఉండే పలుచని కొవ్వుపొరలో ఇవి చేరి దానిని వదులు చేస్తాయి. లోపలి సారం బయటకు కారిపోతుంది. నిజానికి చాలా మొక్కలు టెర్పీనులను తయారుచేసుకునేది ఇట్టి శత్రువులను తరమటానికే.

ఒక్కొక్క చిక్కుకూ మెల్లగా విరుగుడు దొరికింది. 1989లో జపాను శాస్త్రజ్ఞులు ఇనోఎ, హొరికోషి సగానికి సగం టొలుయీన్ కలిసిన నీటిలో కూడా బ్రతికే సూడోమొనాస్‌ను కనుగొన్నారు. నీటిపై నూనెను ఒక పొరగా నిలిపి, టెర్పీన్‌ను అందులో దాచి కొంచెం కొంచెంగా అందించే రెండు పొరల పద్ధతి వచ్చింది. బాక్టీరియాకు ఆకలి తీరేందుకు గ్లిసరిన్ విడిగా ఇచ్చి, లిమొనీన్ మీద సగం పని మాత్రమే చేయించే మార్గం 1998లో ఫలించింది. సూడోమొనాస్ పుటీడా జాతి బాక్టీరియా ఒక లీటరులో 3 గ్రాముల పెరిల్లిక్ ఆమ్లాన్ని చేసింది. 2001లో జూరిక్‌లో డ్యూట్స్ బృందం రోడోకాకస్ ఒపాకస్ అనే బాక్టీరియాను ముందుగా టొలుయీన్ మీద పెంచి, తరువాత లిమొనీన్ ఇచ్చింది. టొలుయీన్ కోసం సిద్ధం చేసుకున్న ఎన్‌జైము లిమొనీన్‌ను కార్వియాల్‌గా మార్చింది. ఆపై నడిచే దారి ఆ బాక్టీరియాకు తెలియదు కనుక అక్కడే ఆగింది. లిమొనీన్‌లో నూటికి 94 నుంచి 97 వంతులు కార్వియాల్ అయింది. పెనం దించే ఉపాయం అదే.

ఇంత శ్రమ దేనికని అడుగవచ్చు. రసాయన పద్ధతిలో చేసిన కార్వోన్‌కూ, బాక్టీరియా చేసినదానికీ అణువులో భేదం లేదు. చట్టంలో భేదం ఉన్నది. మొక్కల నుంచి వచ్చిన ముడిపదార్థాన్ని సూక్ష్మజీవులతో గాని ఎన్‌జైములతో గాని మార్చితే, వచ్చిన రుచిద్రవ్యాన్ని సహజమైనదిగా ఐరోపా సమాజపు 2008 నాటి నిబంధన గుర్తిస్తుంది. కృత్రిమ రుచికంటె సహజ రుచికి వినియోగదారుడు ఎక్కువ వెల ఇస్తాడు.

నీలిమందు నేర్పిన పాఠం

ఈ విద్య ఇటీవల మరొక మలుపు తిరిగింది. టెర్పీన్‌ను మార్చటమే కాదు, చక్కెర నుంచి టెర్పీన్‌నే తయారుచేసే బాక్టీరియాను జన్యుమార్పుతో రూపొందించారు. నారింజలో సహజంగా ఉండే వాలెన్సీన్ అనే టెర్పీన్‌ను హాలండులోని ఐసోబయోనిక్స్ సంస్థ రోడోబాక్టర్ బాక్టీరియా సహాయంతో 2010లో మార్కెట్టుకు తెచ్చింది. వాలెన్సీన్‌కు ఆమ్లజని తగిలిస్తే నూట్‌కటోన్ అనే విలువైన రుచిద్రవ్యం వస్తుంది. 2019లో ఈ సంస్థను జర్మనీకి చెందిన బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ కొనుగోలు చేసింది.

ఆ పేరు మన రైతులకు కొత్తది కాదు. 1897లో కృత్రిమ నీలిమందును అంగడికి తెచ్చినది ఆ సంస్థే. కొద్ది సంవత్సరాలలో కడప, నెల్లూరు మొదలైన జిల్లాల నీలిసాగు క్షీణించింది. చక్కెర తొట్టిలో పుట్టే పరిమళం రేపు తోటలో పండే పరిమళానికి అదే గతి పట్టిస్తుందా? ఈ భయం నిరాధారం కాదు. అయితే నీలికీ వీటికీ ఒక భేదం ఉన్నది. నీలి ఆకులో రైతుకు అమ్మదగినది ఆ ఒక్క రంగే. మిరియాన్నీ, పసుపునూ వంటకు కొంటారు. వాటి వాసన ఒక్క అణువుది కాదు, పదులకొద్దీ అణువుల కలయిక. ఆ మేళవింపును ఒక్క బాక్టీరియా చేత పుట్టించటం సులభం కాదు.

పైగా ఈ విద్య రైతు పక్షాన కూడా నిలువగలదు. గూడూరు, తెనాలి ప్రాంతాల నిమ్మ, నల్గొండ, అనంతపురం బత్తాయి రసం తీసిన తరువాత తొక్కగా మిగులుతాయి. ఆ తొక్కలో తైలం ఉన్నది, తైలంలో లిమొనీన్ ఉన్నది. తొక్కను పారవేస్తే చెత్త, తైలం తీసి అమ్మితే ముడిసరుకు, దానిని మార్చి అమ్మితే రుచిద్రవ్యం. ఒక్కొక్క మెట్టుకూ విలువ పెరుగుతుంది. ఆ పెరిగిన విలువ ఎవరికి చేరాలన్నది బాక్టీరియా తేల్చే విషయం కాదు. దళారుల చేతిలో నష్టపోకుండా గిరిజనుల సరుకును కొనటానికి 1956లో గిరిజన సహకార సంస్థను స్థాపించినది ఇట్టి ప్రశ్నకు సమాధానంగానే. ముడిసరుకుకు వర్తించిన ఆ ఆలోచన, దాని నుంచి పుట్టే పరిమళానికీ వర్తించాలి.

చక్కెరకు కొరత లేదు, తొక్కకు కొరత లేదు. పని తెలిసిన బాక్టీరియా కోసం దూరదేశాలకు పోనక్కరలేదు. టెర్పీనులు రాలే చోటనే వాటిని తినే జీవులు కాపురముంటాయి. మన్యంలో మిరియాల తీగ పాదులోని మట్టి, బత్తాయి చెట్టు క్రింద కుళ్ళిన కాయ అంటిన మట్టి అట్టి చోట్లే. పూనా, బెంగుళూరు శాస్త్రజ్ఞులు మట్టిని అడిగిన ప్రశ్నను నర్సీపట్నం ఉన్నత పాఠశాలలో చదువుకునే విద్యార్థి రేపు మరొక మట్టిని అడుగవచ్చు. దానికి మొదట కావలసినవి లవణాలు కలిపిన నీరు, ఒక చుక్క తైలం, చిటికెడు మట్టి, ఓర్పు.